అమ్మలూ, మత్తు అన్న మాటే తప్పు

అమ్మలూ,

మొన్న రాత్రి ఫోన్‌లో నీ మీద అరిచాను. "నా ఫ్రెండ్ రెండుసార్లు కొకైన్ తీసుకుందమ్మా, తనకేం కాలేదు. నువ్వేమో ఒక్కసారికే చచ్చిపోతారని చెప్పేదానివి" అన్నావు. పూర్తిగా వినకుండానే "అలాంటివాళ్ళతో నీకేం పని" అని గదమాయించి పెట్టేశాను. పెట్టేశాక తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. నువ్వు తిరుగుళ్ళకి పర్మిషన్ అడగలేదు, ఒక సందేహం అడిగావు. ఇన్నేళ్ళుగా ఆస్పత్రిలో ముక్కూమొహం తెలియనివాళ్ళ సందేహాలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పే మనిషిని, కన్నకూతురికి చెప్పలేకపోయాను.

అసలు తప్పు ఇంకా వెనక ఉంది. నువ్వు పదేళ్ళ పిల్లవై ఉన్నప్పుడు "ముట్టుకుంటే చస్తావు" అన్నాను. పదేళ్ళకి ఆ మాట చాలు. ఇరవై ఏళ్ళకి చాలదు. ముట్టుకుని కూడా నవ్వుతూ తిరుగుతున్న మనిషి కళ్ళెదుట కనిపించిన రోజున, అమ్మ చెప్పినవన్నీ బెదిరింపులే అనిపిస్తుంది. అందుకని ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా వాదనకి పనికిరాని నిజాలు కూడా రాస్తాను. మొదటిది ఇదే: అది తీసుకుంటే హాయిగా ఉంటుంది. ఉండకపోతే ఎవరూ రెండోసారి దాని జోలికి వెళ్ళరు.

నన్ను ఆస్పత్రిలో మత్తు డాక్టరమ్మ అంటారు. కొకైన్‌ని పేపర్లలో మత్తు పదార్థం అంటారు. మాట ఒకటే అయినా మనిషిలో జరిగేది పూర్తిగా తలకిందులు. నేనిచ్చే మత్తుకి రెప్పలు వాలిపోతాయి, ఒళ్ళు వదులవుతుంది. కొకైన్ తీసుకున్న మనిషికి నిద్ర ఎగిరిపోతుంది, ఆకలి చచ్చిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, నోరు ఆగదు, తనంత చురుకైనవాళ్ళు ఈ భూమ్మీద లేరనిపిస్తుంది. మత్తంటే తూలడమనుకునే మనవాళ్ళకి చలాకీగా గలగలా మాట్లాడుతున్న పిల్లని చూస్తే అనుమానమెలా వస్తుంది? "తనకేం కాలేదు" అని నీకనిపించింది బహుశా అందుకే.

తమాషా ఏమిటంటే నా మత్తుకీ దానికీ చుట్టరికం ఉంది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద పెరిగే కోకా మొక్క ఆకుల్ని అక్కడివాళ్ళు వేల ఏళ్ళుగా నములుతున్నారు. ఆకు నమిలితే మందు కొద్దికొద్దిగా, నెమ్మదిగా ఒంట్లోకి దిగుతుంది. 1860 ప్రాంతంలో జర్మనీలో ఆల్బర్ట్ నీమన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆకులోని సారాన్ని విడదీసి తెల్లటి పొడిగా చేసి కొకైన్ అని పేరు పెట్టాడు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర కంటి డాక్టరు దాని ద్రావణాన్ని ముందు కప్ప కంట్లో, తర్వాత తన కంట్లోనే వేసుకుని గుండుసూది తలతో తాకి చూసుకున్నాడు. నొప్పి తెలియలేదు! అప్పటిదాకా కంటి ఆపరేషన్ అంటే చాలాసార్లు నలుగురు పట్టుకుంటే చేసే పని. ఒక్క ప్రాంతాన్ని మాత్రమే మొద్దుబార్చే మత్తు అలా పుట్టింది. నేను రోజూ సిరంజిలోకి తీసే లిగ్నోకెయిన్, బుపివకెయిన్ పేర్ల చివర ఆ "కెయిన్" కొకైన్ నుంచి వచ్చిందే. నీకు పన్ను పీకినప్పుడు చిగురు మొద్దుబారిందే, దాని ముత్తాత ఇదన్నమాట.

ఆ తొలిరోజుల్లో దాన్ని అందరికంటే బాగా ఎరిగినవాళ్ళే ముందు పడిపోయారు. విలియం హాల్‌స్టెడ్ అని అమెరికాలో గొప్ప సర్జన్. ఆపరేషన్ థియేటర్లో మేం వేసుకునే రబ్బరు గ్లోవ్స్ ఆయన తెచ్చిన అలవాటే. కోలర్ సంగతి చదివి, నరానికి సూది వేసి ఆ భాగాన్ని మొద్దుబార్చడం ఎలాగో తన మీదా తోటి డాక్టర్ల మీదా పరీక్షించుకున్నాడు. విద్య పట్టుబడింది, మనిషి కొకైన్‌కి చిక్కాడు. అది మాన్పించడానికి నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ ఇచ్చారు. ఆ మార్ఫిన్ ఆయన్ని జీవితాంతం వదల్లేదు. వియన్నాలోనే సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇంకో అడుగు ముందుకేసి కొకైన్‌ని తెగ మెచ్చుకుంటూ వ్యాసం రాసి, మార్ఫిన్‌కి అలవాటుపడ్డ తన స్నేహితుడు ఫ్లైష్ల్‌కి మందుగా సిఫారసు చేశాడు. ఆ స్నేహితుడికి రెండు వ్యసనాలయ్యాయి. ఒంటి మీద తెల్లపాములు పాకుతున్నాయని కేకలు పెట్టే స్థితికొచ్చి, 1891లో పోయాడు. పాముల సంగతి మళ్ళీ చెప్తాను.

ఈ కథలు ఎందుకంటే, "నాకు తెలుసు, నేను అదుపులో ఉంచుకోగలను" అనే మాట మీ తరం కనిపెట్టింది కాదు.

ఇక మెదడు. నాడీకణాలు ఒకదాన్నొకటి ముట్టుకోవు, మధ్యలో సన్నని సందు ఉంటుంది. ఒక కణం ఆ సందులోకి డోపమైన్ అనే రసాయనాన్ని వదుల్తుంది. అది అవతలి కణం తలుపు తట్టి కబురు చెప్తుంది. చెప్పడం అయిపోగానే వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోవాలి. అందుకోసం మొదటి కణానికి ప్రత్యేకంగా చిన్న ద్వారాలుంటాయి. కొకైన్ వెళ్ళి ఆ ద్వారాల్లో అడ్డంగా కూర్చుంటుంది, అంతే. కబురు తెచ్చిన మనిషి ఇంటికి పోలేక అక్కడే నిలబడి తలుపు తడుతూనే ఉంటాడు, అదే కబురు మళ్ళీ మళ్ళీ చెప్తూనే ఉంటాడు. డోపమైన్‌తో పాటు నారెపినెఫ్రిన్, సెరటోనిన్ అనే ఇంకో రెంటినీ అలాగే ఇరికిస్తుంది. గుండె దడకీ, రక్తపోటు పెరగడానికీ ఆ నారెపినెఫ్రినే ముఖ్య కారణం.

ఆ కబురేమిటన్నది అసలు సంగతి. డోపమైన్ అంటే సుఖం అని అందరూ రాసేస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. సుఖం కంటే "ఇది ముఖ్యం, గుర్తుపెట్టుకో, మళ్ళీ వెతుక్కో" అని చెప్పడం దాని పని. దాహం వేసినప్పుడు నీళ్ళు దొరికితే, కష్టపడ్డ పరీక్షలో పాసైతే, నచ్చిన మనిషి ఎదురైతే మెదడు లోపలి పొరల్లో ఆ కబురు కాసేపు మోగుతుంది. బతకడానికి పనికొచ్చేవాటిని నేర్చుకునే పద్ధతి అది. కొకైన్ ఏ పనీ చేయకుండానే ఆ గంట మోగించేస్తుంది, మామూలుగా మోగేదానికంటే చాలా గట్టిగా. మెదడు పాపం దాన్ని నమ్ముతుంది. చాలా ముఖ్యమైనదేదో జరిగిందనుకుని ఆ క్షణంలో చుట్టూ ఉన్నదంతా రాసిపెట్టుకుంటుంది. ఆ గది, ఆ పాట, అద్దం మీద గీత, తెచ్చి ఇచ్చిన మనిషి మొహం, ఆఖరికి చేతిలో చుట్టిన నోటు కూడా. మానేసి ఏడాదైన మనిషికి కూడా ఆ పాట వినగానే గొంతు ఎండిపోవడం, చేతులు వణకడం ఉత్త కథలు కావు. మనిషి మర్చిపోయినా మెదడు మర్చిపోలేదన్నమాట.

ఎంత వేగంగా ఎక్కుతుందన్నది కూడా చూడాలి. పొగలా పీలిస్తేనో నరంలోకి ఎక్కిస్తేనో సెకన్లలో మెదడుకి చేరుతుంది. పొగైతే 5, 10 నిమిషాల్లో దిగిపోతుంది. ముక్కుతో పీలిస్తే కొన్ని నిమిషాలకి ఎక్కి 15 నుంచి 30 నిమిషాలుంటుంది. ఎంత తొందరగా ఎక్కి ఎంత తొందరగా దిగితే అంతగా మళ్ళీ కావాలనిపిస్తుంది. ఆకు నమిలినవాళ్ళకీ పొడి పీల్చినవాళ్ళకీ తేడా అక్కడే. దిగేటప్పుడు మామూలు స్థాయి దగ్గర ఆగదు, ఇంకా కిందకి తోసేస్తుంది. నీరసం, చిరాకు, ఏమీ వద్దనిపించే దిగులు, కొందరికి చావాలన్న ఆలోచన. ఆ దిగులు పోవడానికి ఇంకోసారి. అలా రాత్రంతా, పొడి అయిపోయేదాకానో ఒళ్ళు మొరాయించేదాకానో సాగుతుంది. నీ ఫ్రెండ్‌ని ఎప్పుడైనా అడుగు, తీసుకున్నప్పుడు ఎలా ఉందని కాదు, మర్నాడు ఎలా ఉందని.

అదేపనిగా వాడితే మెదడు తనను తాను సర్దుకుంటుంది. ఎవరైనా చెవి దగ్గర అరుస్తుంటే మనం చెవులు మూసుకోమూ? అవతలి కణాలు కూడా డోపమైన్‌ని అందుకునే గ్రాహకాల్ని తగ్గించుకుంటాయి. మెదడు స్కానుల్లో ఇది కనిపించింది. దాని ఫలితం వాళ్ళ పక్కనున్నవాళ్ళకి ముందు తెలుస్తుంది: నవ్వించే మాటకి నవ్వు రాదు, స్నేహితులొస్తే లేచి కూర్చోరు, ఇష్టంగా చేసే పని మూలన పడుతుంది. ఇష్టాలు పోయాయని కాదు, అవి మోగించే చిన్న గంట ఇక వినపడదు. ఇటు నుదుటి వెనక భాగం, "ఆగు, రేపేమవుతుందో చూసుకో" అని పగ్గం పట్టే భాగం, అదీ బలహీనపడుతుంది. అందుకే వ్యసనంలో ఉన్నవాళ్ళని బుద్ధిలేదా, పట్టుదల లేదా అని దెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాలు విరిగినవాణ్ణి పరిగెత్తమని దెప్పినట్టుంటుంది. (మొన్న ఫోన్‌లో నేనూ అదే చేశాను, తెలుసు.)

నీ ప్రశ్నకి సూటిగా జవాబు కూడా చెప్పాలి. ఒకటి రెండుసార్లు తీసుకున్నవాళ్ళందరూ బానిసలవుతారా? అవరు. అమెరికాలో 1990ల మొదట్లో చేసిన ఒక పెద్ద సర్వేలో, ఎప్పుడైనా కొకైన్ రుచి చూసినవాళ్ళలో దాదాపు 6 మందిలో ఒకరు దానికి బానిసైనట్టు తేలింది. మిగతా 5 మందినే చూపించి "చూశావా" అనొచ్చు. కానీ ఆ ఒక్కరు ఎవరో ముందుగా చెప్పే రక్తపరీక్ష నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు.

గుండె మాత్రం బానిసయ్యేదాకా ఆగదు. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి క్యాజువాలిటీ నుంచి పిలుపొచ్చి పరిగెత్తాను. పాతికేళ్ళ కుర్రాడు, చెమటలు, ఛాతీ పట్టేసిందని మెలికలు తిరుగుతున్నాడు. బీపీ ఆకాశాన్నంటుతోంది. ఈసీజీ చూస్తే గుండెపోటు. అంత చిన్న వయసులో ఏమిటని "ఏమన్నా తీసుకున్నావా బాబూ" అని అడిగాను. వాళ్ళమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆవిడేమో "మావాడు సిగరెట్ కూడా ముట్టడండీ" అంటోంది. ఆవిణ్ణి మెల్లిగా బయటికి పంపి, తలుపు వేసి, పోలీసుల్ని పిలవను, మీ అమ్మకి చెప్పను, చెప్పకపోతే మాత్రం నిన్ను సరిగ్గా చూడలేను అన్నాను. అప్పుడు చెప్పాడు. మద్యం తాగుతూ, కొకైన్ పీల్చాడట, ఓ నాలుగు గంటల క్రితం. అది తెలిశాక వైద్యమే మారిపోయింది. గుండె వేగం తగ్గించడానికి అలవాటుగా ఇచ్చే ఒక రకం మందులు కొకైన్ ఒంట్లో ఉండగా ఇస్తే నాళాలు ఇంకా బిగుసుకుపోవచ్చు. కనక ముందు ఉద్రేకాన్ని తగ్గించే మందిచ్చి, నాళాలు వదులయ్యే మందూ ఆస్పిరినూ ఇచ్చాం. బతికాడు. వార్డులో మూడోరోజు చూసినప్పుడు నా మొహం చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అతని ఒంట్లో ఏం జరిగిందో తెలిస్తే ఈ ఉత్తరంలో సగం నీకు గుర్తుంటుంది. కొకైన్ గుండెని పరిగెత్తిస్తుంది, అంటే గుండెకి రక్తం ఎక్కువ కావాలి. అదే సమయంలో గుండెకి రక్తమిచ్చే నాళాల్ని బిగిస్తుంది, అంటే అందేది తగ్గుతుంది. పైగా రక్తం తేలిగ్గా గడ్డకట్టేలా చేస్తుంది. మూడూ ఒకేసారి. గుండెపోటు వచ్చినవాళ్ళ మీద చేసి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కొకైన్ తీసుకున్న మొదటి గంటలో ఆ ముప్పు దాదాపు 24 రెట్లు పెరిగినట్టు తేలింది. ఇది చాలదన్నట్టు, కోలర్ కంటిని మొద్దుబార్చిన గుణమే గుండె మీదా పనిచేస్తుంది. నరంలో కబురు పాకాలంటే సోడియం లోపలికి రావాలి. కొకైన్ ఆ దారి మూస్తుంది. కంటి దగ్గర అది వరం. గుండె కండరం కూడా అదే సోడియం దారులతో లయ తప్పకుండా కొట్టుకుంటుంది. అక్కడ మూసుకుంటే లయ చెడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఎన్నోసారి తీసుకున్నారన్నదానితో దీనికి పనిలేదు, మొదటిసారే కావచ్చు.

మద్యంతో కలిపితే మరీ చెడ్డది. రెండూ ఒంట్లో ఉన్నప్పుడు కాలేయం వాటిని కలిపి కోకాఎథిలీన్ అనే మూడో పదార్థాన్ని తయారుచేస్తుంది. అది కొకైన్ కంటే ఎక్కువసేపు ఉంటుంది, గుండెకి ఇంకా విషం. కొకైన్ వల్ల మందెక్కినట్టు తెలియక ఇంకా తాగుతారు, మందు వల్ల కొకైన్ దడ తెలియక ఇంకా పీలుస్తారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. విచిత్రం, పార్టీల్లో ఈ రెండే జతగా తిరుగుతాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మెదడులో నాళం చిట్లో మూసుకునో పక్షవాతం రావచ్చు, వయసుతో పనిలేదు. ఫిట్స్ రావచ్చు. ఒంటి వేడి ప్రమాదకరంగా పెరగొచ్చు, గాలాడని గదిలో గంతులేస్తుంటే మరీను. ముక్కులో నాళాలు పదే పదే బిగుసుకుని రక్తం అందక ముక్కుదూలానికి చిల్లు పడొచ్చు. ఇక ఆ పాములు: ఎక్కువగా వాడేవాళ్ళకి చర్మం కింద పురుగులు పాకుతున్నట్టనిపిస్తుంది, రక్తం వచ్చేలా గీరుకుంటారు. అందరూ తననే గమనిస్తున్నారని, తలుపవతల ఎవరో ఉన్నారని అనుమానం పట్టుకుంటుంది. పాపం ఫ్లైష్ల్.

అసలు ఆ పొట్లంలో ఉన్నది కొకైనే అని ఎవరు చెప్పారు? పశువులకి నులిపురుగుల మందుగా వాడే లెవమిసోల్ కలుపుతారు. అది తెల్లరక్తకణాల్ని పడేసి, మామూలు జ్వరాన్ని కూడా ప్రాణం మీదికి తెస్తుంది. కొన్నిచోట్ల ఫెంటనిల్ అనే చాలా బలమైన నొప్పి మందు కలిసి ఊపిరి ఆగి చనిపోయినవాళ్ళూ ఉన్నారు. ఫెంటనిల్ నేను థియేటర్లో వాడతాను. మిల్లీగ్రాములో పదో వంతు అంటే 100 మైక్రోగ్రాములు, అదీ ఊపిరి చూసుకుంటూ, పక్కన ఆక్సిజన్ పెట్టుకుని. అలాంటిది లెక్కాడొక్కా లేకుండా పొడిలో కలిపితే ఎలాగో ఊహించుకో.

నీ ఫ్రెండ్ సంగతికొస్తాను. తను ఫ్రెండా, ఇంకెవరైనానా అని నేనడగను. ఎవరైనా సరే ఛాతీ నొప్పి, ఫిట్స్, ఒళ్ళు కాలిపోవడం, మాట తడబడ్డం, ఊపిరి మందగించడం, లేపితే లేవకపోవడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అనొద్దు. వెంటనే ఆస్పత్రికి, ఒంటరిగా వదలకుండా. తీసుకున్నదేమిటో డాక్టరుకి నిజం చెప్పండి. ఇంట్లోవాళ్ళుంటే బయటికి పంపమని అడగండి, ఏ మంచి డాక్టరైనా పంపుతాడు.

మానాలనుకుంటే దారుంది. కొకైన్ వ్యసనానికని పూర్తిగా ఆమోదం పొందిన మాత్ర ఇంకా లేదు. కానీ మాటలతో చేసే వైద్యం, ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చే కౌన్సెలింగ్, పనిచేస్తుంది. ఇంకో పద్ధతుంది, మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కొకైన్ ఒంట్లో మార్పుచెంది మిగిల్చే పదార్థం మూత్రంలో 2 నుంచి 4 రోజులు కనిపిస్తుంది. కనక వారంలో రెండు మూడుసార్లు పరీక్ష చేసి, శుభ్రంగా ఉన్న ప్రతిసారీ ఓ చిన్న కూపనో బహుమతో ఇస్తారు. చిన్నపిల్లల నోటుబుక్కులో స్టార్ వేసినట్టు! కానీ ఈ వ్యసనానికి అన్నిటికంటే బాగా పనిచేసినట్టు రుజువైంది ఇదే. ఆలోచిస్తే ఆశ్చర్యమేముంది, చిన్న సంతోషాలు వినపడని మెదడుకి మళ్ళీ చిన్న గంటలు వినడం నేర్పుతున్నారు. నెలలు పడుతుంది. మొదటి వారాలు దుర్భరంగా ఉంటాయి, కొందరు మధ్యలో మళ్ళీ జారతారు. జారినంత మాత్రాన అక్కడితో అయిపోలేదు. మానేసినవాళ్ళ మెదడు నెమ్మదిగా చాలావరకు కోలుకుంటున్నట్టు స్కానుల్లో కనిపిస్తోంది.

ఆ క్యాజువాలిటీ కుర్రాడి గురించి ఒక్కమాట చెప్పలేదు. ఛాతీ నొప్పి మొదలైనా, వాళ్ళమ్మకి తెలుస్తుందని మూడు గంటలు గదిలో తలుపేసుకుని ఓర్చుకున్నాడట. ఆవిడ పక్కగదిలోనే ఉంది. మొన్న ఫోన్ పెట్టేశాక నాకు గుర్తొచ్చింది అతని ఈసీజీ కాదు, ఆ పక్కగది.

శనివారం రాత్రి నాకు డ్యూటీ, ఫోన్ కోటు జేబులో ఉంటుంది, థియేటర్లో ఉంటే సిస్టర్ ఎత్తుతుంది. ఆదివారం ఖాళీ. ఎప్పుడు చేసినా ముందు నువ్వు మాట్లాడు, నేను వింటాను. నీ ఫ్రెండ్ మాట్లాడతానంటే ఆ అమ్మాయికి కూడా ఇవ్వు.

అమ్మ